మేళకర్త క్రాష్ కోర్సు

అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ జావా మొదలు గ్రూప్స్ దాకా జిరాక్స్ నోట్సుకు లొంగని విద్య లేదు. సంగీత శాస్త్రమూ మొదట లొంగినట్టే ఉంటుంది. పుస్తకం తెరిస్తే లెక్కలే: రి-గ జతలు ఆరు, ధ-ని జతలు ఆరు, మధ్యమాలు రెండు, గుణిస్తే 72 మేళకర్తలు. రాగం పేరులోనే దాని నంబరు దాచిన కటపయాది సూత్రం మరీ సులువు. ధీరశంకరాభరణంలో ‘ధీ’ 9, ‘ర’ 2, తిరగేస్తే 29. మేచకల్యాణి 65. ఎంసెట్ రాసిన బుర్రకు ఒక పూట పని. సాయంత్రానికి అభ్యర్థి పంజగుట్ట దుకాణాల బోర్డులకూ మేళ సంఖ్య కట్టేస్తాడు.

చిక్కంతా గమకంతోనే. తోడి గాంధారం కాగితం మీద ఒక్క అక్షరం. గొంతులో అది అటు రిషభం వైపూ ఇటు మధ్యమం వైపూ ఊగుతుంది. ఈ సంగతి తెలిసే సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి తెలుగులో వెలువడిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో కంపితానికో గుర్తు, జారుకో గుర్తు వేసిపెట్టారు. అభ్యర్థి వాటినీ బట్టీ పట్టాడు. ఏ గుర్తు ఏ పేజీలో ఉందో అడిగితే ఠక్కున చెబుతాడు. పాడమంటే మాత్రం అది ప్రాక్టికల్స్ కిందికి వస్తుందట. శ్రుతిపెట్టె ఇంకా కొనలేదు.