దెబ్బ పడకముందే గెలిచినోళ్లు

పరిగి బస్టాండు ముందరి చాయ్ హోటల్లో బాక్సింగ్ రింగు లేదు. అయినా పొద్దున ఏడింటికల్లా అక్కడ ప్రపంచ స్థాయి ఫైట్లు రెండు మూడు తేలిపోతాయి. తాండూరు బస్సు లేటైతే ఇంకోటి కూడా. ఒకాయన ఫోన్లో ఇద్దరు చాంపియన్ల ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని, ఎత్తెంత, చెయ్యి పొడవెంత, నాకౌట్లెన్ని అని గట్టిగా చదువుతాడు. బిస్కెట్ చాయ్‌లో ముంచుతున్న ఇంకొకాయన తలెత్తకుండానే తీర్పిస్తాడు: "గింత పొడుగు చేతులున్నోని ముంగట వాడేం నిలుస్తడే? మూడో రౌండ్ల పండుకుంటడు." ఆ బాక్సర్లిద్దరికీ ఇంకా ఒప్పందమే కుదరలేదు. కుదరకపోతే ఏమాయె, పరిగిలో ఫలితం వచ్చేసింది గదా.

వీళ్ల మీద నాకేం కోపం లేదు. వీళ్లు తమ చాయ్ పైసలు తామే కట్టుకుంటారు. నా తగాదా అంతా ఇదే పనిని కోటు తొడుక్కుని, టీవీ స్టూడియోలో కూర్చుని చేసేవాళ్లతో. ఫైటు ముందు వాళ్లు వేసే పట్టిక చూడండి: ఎత్తు, బరువు, ఛాతీ, మెడ, పిడికిలి చుట్టుకొలత. పెళ్లిచూపుల్లో కూడా ఇంత కూలంకషంగా విచారించరు. 1990 ఫిబ్రవరిలో టోక్యోలో మైక్ టైసన్ ముందు బస్టర్ డగ్లస్‌ను నిలబెట్టినప్పుడు పందెగాళ్లు డగ్లస్‌కు ఇచ్చిన లెక్క ఒకటికి నలభై రెండు. అతను పదో రౌండులో టైసన్‌ను పడగొట్టాడు. తమాషా ఏమిటంటే ఎత్తులోనూ చేతుల పొడవులోనూ డగ్లసే ఎక్కువ. పట్టికలో ఆ గడులు ఉన్నాయి, ఆ రోజు వాటిని ఎవరూ పట్టించుకోలేదు. ఇక పోరుకు కొద్ది వారాల ముందే అతని తల్లి చనిపోయిందన్న సంగతికి పట్టికలో గడే లేదు.

ఈ పిచ్చి ముదిరితే ఎక్కడిదాకా పోతుందో అమెరికావాళ్లు ఎప్పుడో చూపించారు. ఒక్క ఓటమీ లేకుండా రిటైరైన రాకీ మార్సియానో, నిషేధంలో ఉండి రింగెక్కలేని ముహమ్మద్ అలీ తలపడితే ఎవరు గెలుస్తారన్నది కంప్యూటర్‌ను అడిగారు. 1969లో ఇద్దరినీ స్టూడియోకి పిలిచి ఉత్తుత్తి గుద్దులు గుద్దించి సినిమా తీశారు. మార్సియానోకు విగ్గు కూడా పెట్టారు. ముగింపులు రకరకాలుగా తీసి పెట్టుకున్నారు. సినిమా విడుదలకు ముందే మార్సియానో విమాన ప్రమాదంలో పోయాడు. 1970 జనవరిలో అమెరికా థియేటర్లలో మార్సియానో పదమూడో రౌండులో అలీని పడగొట్టాడు. యూరప్‌లో వేసిన ప్రింటులో మాత్రం అలీయే గెలిచాడట! యంత్రానికి కూడా గిరాకీ చూసి తీర్పు చెప్పడం తెలుసన్నమాట.

అదంతా వినోదం, పోనీ. మన దగ్గర ఈ పోలిక ఒక అమ్మాయి దారికే అడ్డం పడింది.

2019లో 51 కిలోల విభాగంలో ఒకవైపు మేరీ కోమ్: ఆరు ప్రపంచ టైటిళ్లు, లండన్ ఒలింపిక్ కాంస్యం. ఇంకోవైపు నిజామాబాద్ నిఖత్ జరీన్: 2011లో అంతాల్యాలో గెలిచిన జూనియర్ ప్రపంచ టైటిల్. ఈ రెండు వరుసలూ కాగితం మీద పెట్టి చూసుకున్న బాక్సింగ్ సమాఖ్య, ఇక రింగెందుకు దండగ అనుకుంది. ఆగస్టులో ట్రయల్ లేకుండానే మేరీని ప్రపంచ పోటీలకు ఎంపిక చేసింది. ఆమె కాంస్యంతో తిరిగొచ్చాక ఒలింపిక్ క్వాలిఫయర్‌కు కూడా నేరుగా పంపుదామన్న మాట మొదలైంది. నిఖత్ క్రీడా మంత్రి కిరణ్ రిజిజుకు లేఖ రాసింది. ఆమె అడిగింది సీటు కాదు, ట్రయల్. అసలీ నిఖత్ జరీన్ ఎవరని మేరీ అంది. నిఖత్ అడిగింది న్యాయమేనన్న షూటర్ అభినవ్ బింద్రాకు, నీది కాని ఆటలో తలదూర్చకు అన్న జవాబు వచ్చింది.

చివరికి డిసెంబర్ 28న ఢిల్లీ ఇందిరా గాంధీ స్టేడియంలో ట్రయల్ జరిగింది. మేరీ 9-1తో గెలిచింది. చెయ్యి కలపకుండా దిగిపోయింది.

"మేం ముందే చెప్పలేదా!" అని పోలికల పండితులు ఆ సాయంత్రమే మీసం తిప్పారు. చెప్పారు, నిజమే. మేరీదే పైచెయ్యి అని నాకూ అనిపించింది. ఆ మే నెలలో గువాహటిలోనూ ఆమే నిఖత్‌ను ఓడించింది. కానీ ఆ బౌటు నడిచింది మూడు రౌండ్లు, రౌండుకు మూడు నిమిషాలు. తొమ్మిది నిమిషాల్లో తేలే పనిని ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా లేఖలతో, ప్రకటనలతో, టీవీ చర్చలతో సాగదీసిందెవరు? అంత నమ్మకం ఉన్నవాళ్లు ఆ తొమ్మిది నిమిషాలకు ఎందుకు జంకారు? నిజామాబాద్, బోధన్ దిక్కు జాతరల్లో కుస్తీ కొబ్బరికాయ పందెంతో మొదలై వెండి కడెం దాకా పోతుంది. పోయినేడు కడెం తొడుక్కున్న పహిల్వాన్‌ను ఈసారి మట్టిలోకి దిగకుండానే గెలిచాడంటే ఊళ్లోవాళ్లు ఊరుకుంటారా?

పైసలు మాట్లాడే చోట పోలిక వేషం మారుస్తుంది. అక్కడ అది ఫైటును ఆపదు, ఊరిస్తుంది. మేవెదర్, పకియావోలను 2009 నుంచి పోల్చీ పోల్చీ, ఇద్దరి కాళ్లలో చురుకు తగ్గాక 2015 మేలో లాస్ వేగాస్‌లో ఒక చప్పిడి ఆట ఆడించారు. రిడిక్ బోవ్, లెనాక్స్ లూయిస్‌లది ఇంకా ఘోరం. 1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్లో లూయిస్ చేతిలో ఓడిన బోవ్, ప్రొఫెషనల్ చాంపియన్ అయ్యాక అతనితో తలపడడం కన్నా తన బెల్టును చెత్తడబ్బాలో పడేయడమే నయమనుకున్నాడు. ఆ ఫైటు జరగనే లేదు. పోలికలు మాత్రం ఇప్పటికీ నడుస్తున్నాయి.

2022 మేలో ఇస్తాంబుల్‌లో నిఖత్ ప్రపంచ చాంపియన్ అయింది, మరుసటేడు ఢిల్లీలో రెండోసారి. ఒకనాడు ఆమెకు ట్రయలెందుకన్న నోళ్లే ఇప్పుడు పారిస్ పతకం ఖాయమన్నాయి. పట్టికలో రెండు బంగారాలు మెరుస్తుంటే, నిఖత్‌కు అక్కడ సీడింగ్ లేదన్న సంగతి ఎవరి కంటా పడలేదు. రెండో బౌటుకే టాప్ సీడ్, చైనా బాక్సర్ వూ యు ఎదురైంది. 2024 ఆగస్టు 1న 5-0తో నిఖత్ ఓడింది. పండితులు ఒక్క పూట మౌనం పాటించి, మేరీ పక్కన నిఖత్ ఫొటో మళ్లీ అతికించి, కొత్త గడి ఒకటి గీశారు: ఒలింపిక్ పతకం. మేరీ వైపు ఒకటి, నిఖత్ వైపు సున్నా.