కమాన్ కట్ట బిగిస్తే ఛాసీకి దెబ్బ

ఈ కథ చెబుతున్నది బండే. ఓనరు, డ్రైవరు, మేస్త్రి అంతా ‘ఈ బండి’ అంటారు గనుక తన గురించి తనూ అలాగే చెప్పుకుంటుంది.

ఈ బండి టాటా 1210. 1954 నుంచి 1969 దాకా బెంజ్‌తో కలిసి లారీలు చేసిన టాటాల లెక్కలో 12 అంటే లోడుతో సహా సుమారు 12 టన్నులు, 10 అంటే సుమారు 100 గుర్రాల బలం. భూపాలపల్లిలో అలాంటి బండికి పని కరువా? సింగరేణి గనులు, చెల్పూరు థర్మల్ కేంద్రం, కాళేశ్వరం దారిలో గోదావరి ఇసుక.

లోడు పెరిగితే ఎవరైనా ముందు చేయించేది కమాన్ కట్టలో (లీఫ్ స్ప్రింగులో) పట్టీలు కలపడమే. ఈ బండికీ అదే చేశారు. వెనక కుంగడం మానేసిందని ఓనరుకు సంబరం. పట్టీలు పెరిగేకొద్దీ కట్ట బిరుసెక్కుతుందని ఆయనకెవరు చెప్పాలి! పాత కట్ట వంగి మింగేసిన గుంతల దెబ్బలన్నీ ఇప్పుడు నేరుగా ఛాసీకి చేరాయి. కొన్నాళ్లకు వెనక బ్రాకెట్ రివిట్ చుట్టూ తుప్పురంగు పొడి రాలింది. తుడిచి చూస్తే, రంధ్రం అంచు నుంచి వెంట్రుకంత పగులు.

కమాన్ మేస్త్రి పనిమంతుడు. పగులు ముందుకు పాకకుండా దాని కొసన రంధ్రం తొలిచాడు, గాడి కోసి వెల్డింగ్ నింపాడు, లోపల సి ఆకారపు ఉక్కు పట్టీ తొడిగాడు. దాని చివర్లు ఏటవాలుగా కోశాడు. చదరంగా కోస్తే బరువంతా ఒకే గీత మీద పడి అక్కడే మళ్లీ చిట్లుతుంది. బోల్టులు ఛాసీ నిలువు గోడకే వేశాడు. ఛాసీ వంగినప్పుడు లాగుడు, నొక్కుడు ఎక్కువగా పై అంచు, కింది అంచుల మీదే ఉంటాయి కాబట్టి అక్కడ డ్రిల్లు పెట్టనివ్వలేదు.

అదనపు పట్టీలు తీసేసి హెల్పర్ కట్ట బిగించారు. ఖాళీ బండిలో అది ఊరకే ఉంటుంది, లోడు కుంగాకే పనిలోకి దిగుతుంది. పట్టీల మధ్య గ్రాఫైట్ గ్రీజు, కొత్త బుష్‌లు. కొంత దూరం లోడుతో తిరిగొచ్చాక యు బోల్టులు మళ్లీ బిగించారు. చాలామంది ఎగ్గొట్టేది ఈ పనినే.

2018 జూలైలో కేంద్రం రెండు యాక్సిళ్ల లారీల బరువు పరిమితిని 16.2 నుంచి 18.5 టన్నులకు పెంచింది. ఓనరుకు ఆశ పుట్టింది. కానీ కంపెనీ చెప్పి, ఆర్‌సీలోకెక్కిన వివరాలు మారేలా బండిని మార్చకూడదంటుంది మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. ఛాసీ ఎంత గట్టిపడినా కాంటా మీద ఈ బండి లెక్క పాతదే. ఇసుక ఎక్కువుంటే ఇప్పుడు రెండు ట్రిప్పులు వేస్తున్నారు.