మబ్బుకు మరికాస్త వెలుగు

నేను ఎన్‌లార్జర్‌ని. డార్క్‌రూమ్ అంటే ఏమిటో తెలియని తరానికి ముందు నా ఆకారం చెప్పాలి. కింద వెడల్పాటి చెక్క పలక. దాని మీద నిలువుగా ఇనుప స్తంభం. ఆ స్తంభాన్ని పట్టుకుని పైకీ కిందికీ జరిగే తల. తలలో పాలరంగు బల్బు, బల్బు కింద కండెన్సర్ అద్దాలు, వాటి కింద నెగెటివ్ పెట్టే ఫ్రేము, అన్నిటికన్నా దిగువన లెన్సు. బల్బు వెలిగితే వెలుగు నెగెటివ్ గుండా దిగి, పలక మీద పరిచిన బ్రోమైడ్ పేపరు మీద పడుతుంది. అరచేతిలో ఇమిడిపోయే నెగెటివ్ గోడకు తగిలించే ఫొటో అవుతుంది. రాజమండ్రిలో గోదావరి గట్టుకు దగ్గర్లో, ఓ స్టూడియో వెనకగదిలో నా జీవితమంతా గడిచింది.

స్టూడియోకి తిండి పెట్టినవి పాస్‌పోర్టు ఫొటోలూ పెళ్లి ఫొటోలూ. మా పెద్దాయన ప్రాణం మాత్రం ఆకాశం మీద. ఆషాఢం వచ్చి గోదావరికి ఎర్రనీరు తగిలిందంటే చాలు, సాయంత్రం షట్టరు సగం దించేసి, కెమెరాలో 120 రోలు ఎక్కించుకుని పుష్కరాల రేవుకి నడిచేవారు. ఎదురుగా కొవ్వూరు వైపు నుంచి మబ్బు లేస్తుంది. దాని కింద హేవలాక్ వంతెన, వంతెన కింద ఎర్రగా సుడులు తిరిగే నీళ్లు. రాత్రి ఫిల్ము కడిగి, మర్నాడు నా దగ్గరికి తెచ్చేవారు.

ఆ నెగెటివ్‌ని మామూలుగా ప్రింటు తీస్తే ఏమయ్యేదో చెబుతాను. వంతెన చక్కగా వచ్చేది, నీళ్లు వచ్చేవి, పై సగం ఉత్త తెల్లకాగితం. అంతటి మబ్బు జాడే ఉండేది కాదు. పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాడు మబ్బు పడలేదనుకుని దిగాలుపడితే పెద్దాయన నెగెటివ్‌ని దీపం ముందు పట్టి చూపించేవారు. "ఆకాశం ఎక్కడికీ పోలేదురా. ఇదిగో, ఇందులోనే ఉంది. కాగితం దాకా దిగట్లేదంతే."

నిజమే. ఆకాశం నేలకన్నా ఎన్నో రెట్లు వెలుగుగా ఉంటుంది. ఆ వెలుగు తగిలిన చోట ఫిల్ము మీద వెండి దట్టంగా పేరుకుంటుంది. నా బల్బు వెలుగు ఆ దట్టాన్ని దాటి రావడానికి ఆలస్యం అవుతుంది, ఈలోగా నేల ఎక్స్‌పోజర్ పూర్తయిపోతుంది. పైగా ఫిల్ము పట్టుకున్నంత తేడాను కాగితం పట్టుకోలేదు. మెరుపు కాగితం మీద కూడా తెలుపుకీ నలుపుకీ మధ్య ఎడం సుమారు 100 రెట్లు మాత్రమే. కెమెరా లెన్సు ముందు ఎర్ర ఫిల్టరో నారింజ ఫిల్టరో పెడితే సరిపోదా అని అడగవచ్చు. నీలాకాశంలో తెల్లమబ్బులు తేలుతుంటే సరిపోతుంది, నీలాన్ని ఆపేసి మబ్బును నిలబెడుతుంది. ఆషాఢ మాసపు ఆకాశంలో నీలం ఎక్కడుంటుంది? అంతా బూడిదరంగే. అక్కడ రంగు ఫిల్టరు చేసేది తక్కువ. ఆ ఆకాశాన్ని కాగితం మీదికి దించాల్సిందల్లా నేనూ, పెద్దాయన చేతులూ.

ముందు వంతెనకీ నీటికీ సరిపడా వెలుగు, 12 సెకన్లు అనుకోండి. ఆ తర్వాత పెద్దాయన నల్ల అట్ట ముక్కను నా లెన్సుకీ కాగితానికీ మధ్య గాలిలో పట్టి, నేలను కప్పేసి, ఆకాశానికి మాత్రం మరో 20 సెకన్లు ఇచ్చేవారు. బ్రోమైడ్ పేపరు తీరు అది, వెలుగు తగిలినకొద్దీ నల్లబడుతుంది. మబ్బుకు నలుపు కావాలంటే మరికాస్త వెలుగు పొయ్యాలి. అట్ట మాత్రం ఒక్క క్షణం కూడా ఆగకూడదు. ఆగిందా, ఆకాశానికీ నేలకీ మధ్య గీత పడి కూర్చుంటుంది. వంతెన దూలాల మీద కొంచెం వెలుగు ఎక్కువ పడినా ఫరవాలేదు, ఇనుము ఎలాగూ నల్లనిదే. అసలు చిక్కు తెరచాపతోటి. ఒక నెగెటివ్‌లో తెల్లటి తెరచాప సరిగ్గా మబ్బులోకి పొడుచుకుని వచ్చింది. మబ్బుకు వెలుగు పోస్తే చాప మసిబారుతుంది, చాపను కాపాడితే దాని చుట్టూ మబ్బు వెలవెలబోతుంది. పెద్దాయన సన్నటి తీగ చివర గోరంత కాగితం ముక్క అతికించి, ఎడమచేత్తో ఆ ముక్కను చాప మీద ఆడిస్తూ కుడిచేత్తో అట్ట కదిపేవారు. ఎర్ర దీపం కింద, డెవలపర్ ట్రేలో ముందు వంతెన తేలేది. తర్వాత నెమ్మదిగా మబ్బు, పొర మీద పొరగా. దాని నడిమిట్లో తెరచాప తెల్లగా నిలిచేది. బతుకులో నేను గర్వపడ్డ ప్రింటు అది.

ఈ తిప్పలు మాతో మొదలైనవి కావు. కుర్రాళ్లకు పని నేర్పుతూ పెద్దాయన పాతవాళ్ల కథలు చెప్పేవారు. 1850ల్లో ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే సముద్రాన్ని ఫొటోలు తీశాడు. అప్పటి కొలోడియన్ గాజు పలకకు నీలమంటే అతి చురుకు. అలలు సరిగ్గా రావాలంటే ఆకాశం తెల్లబడిపోయేది. ఆయన ఆకాశానికి వేరే నెగెటివ్, సముద్రానికి వేరే నెగెటివ్ తీసి, రెంటినీ దిగంతం గీత దగ్గర కలిపి ప్రింటు చేశాడు. అదే దశాబ్దంలో మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రభుత్వ ఫొటోగ్రాఫరుగా పనిచేసిన కెప్టెన్ లినేయస్ ట్రైప్ తన కాగితపు నెగెటివ్‌ల మీద కుంచెతో రంగు పూసి మబ్బులు సృష్టించేవాడు. మన అమరావతి శిల్పాలను మద్రాసు మ్యూజియంలో ఫొటోలు తీసింది కూడా ఆయనే. వాళ్లను నేను తప్పుపట్టను. వాళ్ల పలకకూ కాగితానికీ నేలతో పాటే మబ్బునూ పట్టుకునే శక్తి లేదు.

నేను ఎక్కువగా ఆలోచించింది అమెరికన్ ఫొటోగ్రాఫరు ఆన్సెల్ ఆడమ్స్ తీసిన 'మూన్‌రైజ్' గురించి. న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ అనే పల్లె, తెల్లటి శిలువలున్న శ్మశానం, పైన పలచటి మబ్బుల బారు, చంద్రుడు. చేతికి లైట్ మీటరు దొరక్కపోతే, చంద్రుడి వెలుగు ఎంతో తనకు తెలుసు గనుక లెక్కకట్టి, ఒక్కటంటే ఒక్క ఎక్స్‌పోజర్ చేశాడు. ఆ నెగెటివ్ నుంచి జీవితాంతం వెయ్యికి పైగా ప్రింట్లు తీశాడు. మొదటి ప్రింట్లలో ఆకాశం కాస్త లేతగా, మబ్బు తునకలతో ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆకాశానికి మరింత వెలుగు పోసి పోసి, చివరికి కాటుక నలుపు చేశాడు. అది అబద్ధమా? కాదంటాను. ఆయన ఏ సంవత్సరంలో తీశాడో ఆయనకే సరిగ్గా గుర్తులేదు. చాలా ఏళ్ల తర్వాత ఆ ఫొటోలోని చంద్రుడి స్థానాన్ని బట్టి లెక్కలు వేసి, అది 1941 నవంబరు 1 సాయంత్రమని తేల్చారు. ఎంత నల్లబరిచినా ఆ ఆకాశం తన తేదీని పోగొట్టుకోలేదు. అక్కడ నిజంగా ఉన్న ఆకాశం కాబట్టే ఆ సాక్ష్యం చెప్పగలిగింది.

మా గదిలోకి తర్వాత కంప్యూటరు వచ్చింది. పెద్దాయన మనవరాలు పట్టుబట్టి పెట్టించింది. నన్ను మూలకు జరిపారే గానీ అమ్మలేదు. అక్కణ్ణుంచి తెర నాకు బాగానే కనిపిస్తుంది. ఫొటోషాప్‌లో ఒక గుర్తు చూసి పెద్దాయన మొహం విప్పారింది. బొటనవేలూ చూపుడువేలూ సున్నాలా చుట్టిన చెయ్యి. చీకటిగదిలో వేళ్ల సందులోంచి వెలుగు పోసే చెయ్యి! పక్కనే పుల్ల చివర గుండ్రటి ముక్క, తెరచాపను కాపాడిన మా తీగ ముక్క లాంటిదే. 1990లో వచ్చిన ఆ ప్రోగ్రాముకు ఆద్యులైన నోల్ సోదరులు అమెరికాలోని ఆన్ ఆర్బర్‌లో తండ్రి డార్క్‌రూమ్ చూస్తూ పెరిగినవాళ్లు. వాళ్ల పనిలో మా వాసన ఉంది.

మనవరాలి పనీ మా పనే. కెమెరాలోంచి రా ఫైలు తీసుకుంటుంది. 14 బిట్ల ఫైలులో ఒక్కో చుక్కకు 16,384 మెట్ల వెలుగు నమోదవుతుంది, మామూలు జేపెగ్‌లో 256 మెట్లే. తెల్లగా కనిపించే మబ్బులో హైలైట్స్ కిందికి లాగగానే లోపలి మడతలు బయటపడతాయి. తర్వాత ఆకాశాన్ని మాత్రం ఎంచుకుని ఎక్స్‌పోజర్ తగ్గిస్తుంది, కాంట్రాస్ట్ కాస్త పెంచుతుంది. అతిగా లాగితే కొబ్బరాకుల అంచున తెల్లటి గీత మెరుస్తుంది, మా అట్ట ఆగినప్పటి గీతలాగే. "ఇంత వద్దు తల్లీ, ఆకుల చుట్టూ చూడు" అంటారు పెద్దాయన. ఆమె సగం వెనక్కి తీసుకుంటుంది. ఫిల్ముకు లేని గండం ఒకటి డిజిటల్ కెమెరా సెన్సరుకు ఉంది. ఫిల్ములో వెలుగు ఎక్కువైనా దట్టం వెనక ఏదో ఆనవాలు మిగులుతుంది. సెన్సరు నిండిపోయి మబ్బు పూర్తిగా తెల్లబడితే మాత్రం ఎవరూ ఏమీ తేలేరు.

అలాంటి తెల్లబడిన ఫొటోకే ఒకసారి ఆమె ఆకాశాన్ని మార్చింది. 2020లో ఫొటోషాప్‌కి ఆ సదుపాయం వచ్చింది. ఒక్క నొక్కుతో ఆకాశం ఊడిపోయి ఇంకో ఆకాశం కూర్చుంటుంది. "తాతయ్యా, ఎలా ఉంది?" అంటే ఆయన కళ్లద్దాలు సవరించుకుని చాలాసేపు చూశారు. "అందంగానే ఉందమ్మా. కానీ పడవల నీడలు మనవైపు పడుతున్నాయి, అంటే పొద్దు కొవ్వూరు వైపు ఉంది. నీ మబ్బుల్లో పొద్దు ఎడమపక్కన ఉంది. ఇది మన గోదావరి మీది మబ్బు కాదు." ఆమె ఆ ఫైలు మూసేసి, మర్నాడు సాయంత్రం కెమెరా పట్టుకుని రేవుకి వెళ్లింది.

నా తీర్పు కూడా అదే. నల్లబరచండి, లోతు పెంచండి, దాగిన మడతలు బయటికి లాగండి. అది ఆ రోజు ఆకాశానికి చేసే సేవ. ఎక్కడిదో తెచ్చి అతికిస్తే ఆ రోజు సాక్ష్యమే పోతుంది. ఇక మీకు నా మనవి. కెమెరాతోనైనా ఫోనుతోనైనా తీసేటప్పుడు మబ్బులో అన్నిటికన్నా తెల్లగా ఉన్న చోటు చూసుకోండి. ఫోనయితే తెర మీద అక్కడే వేలుంచి వెలుగు తగ్గించండి. నేల చీకటిగా వస్తే రానివ్వండి, దాన్ని తర్వాత లేపుకోవచ్చు. వీలుంటే రా ఫైలు దాచుకోండి. ఆకాశాన్ని మార్చే తీరాలనుకుంటే, మార్చానన్న మాట ఫొటో కిందే రాయండి.