నెక్స్ట్ సెమ్ పక్కా, సార్!

సెమిస్టర్ ఆఖరి వారం. ఆపరేటింగ్ సిస్టమ్స్ సిలబస్ అయిందనిపించి క్లాసులో తలా ఒక కాగితం పంచాను. పైన లావుపాటి అక్షరాలతో 'కోర్సు ముగింపు సర్వే' అని ఉంటుంది. మొదటి ప్రశ్న: ఈ కోర్సు ద్వారా మీరేం నేర్చుకున్నారు? రెండోది: మీ భావి లక్ష్యాలేమిటి? అందరూ తలలు వంచారు. కాసేపటికి మూడో వరసలో, ఫ్యాను సరిగ్గా నెత్తిమీదికొచ్చే చోటు నుంచి ఒక చెయ్యి లేచింది.

"సార్, ఈ కోర్సు పేరేంది సార్?"

చెప్పాను. రాసుకున్నాడు. "థ్యాంక్యూ సార్" అన్నాడు. ఆ గొంతులో వెటకారం వీసమెత్తు లేదు. బస్సు ఏ ఊరు పోతుందో కండక్టరును అడిగి, సరైన బస్సే ఎక్కానని తెలిశాక సర్దుకుని కూర్చున్న ప్రయాణికుడిలా ఉంది మొహం.

నేను ఇంజనీరింగ్ కాలేజీల్లో పాఠాలు చెప్పబట్టి పదిహేడేళ్లు. ఏ కాలేజీకి వెళ్లినా ఇతను నాకంటే ముందే వచ్చి ఆ ఫ్యాను కింద కూర్చుని ఉంటాడు. ఊరు మారుతుంది, చొక్కా మారుతుంది, మనిషి మాత్రం వాడే. ఈసారి జగిత్యాల దిక్కు నుంచి వచ్చాడు. బాపు పసుపు పండిస్తాడు. ఇతను లక్ష్యాలు పండిస్తాడు.

సోమరి అనుకుంటే మీరు పొరబడ్డట్టే. సెమిస్టర్ మొదటి వారంలో ఇతను పడే కష్టం టాపర్ కూడా పడడు. అయిదు సబ్జెక్టుల లాంగ్ నోటుబుక్కు కొంటాడు. నాలుగు రంగుల స్కెచ్ పెన్నులు కొంటాడు. ఒక సాయంత్రమంతా కూర్చుని టైంటేబుల్ గీస్తాడు. అందులో పొద్దున 5 గంటలకు లేవడం ఆకుపచ్చ, యోగా పసుపుపచ్చ, చదువు ఎరుపు. నిద్రకు రంగు ఉండదు, అది మిగిలిన తెల్లకాగితమంతా. దాన్ని గోడకు అంటించాక ఒక తృప్తి వస్తుంది చూశారూ, సెమిస్టర్ మొత్తం చదివేసినంత తృప్తి. ఆ తృప్తితోనే మర్నాడు 9 దాకా పడుకుంటాడు.

నోటుబుక్కు మొదటి పేజీ చూసి తీరాలి. చుట్టూ మార్జిన్లు, పైన సబ్జెక్టు పేరు, కింద రెండు గీతలు, ముత్యాల్లాంటి అక్షరాలు. నాలుగో పేజీకి ముత్యాలు బియ్యపుగింజలవుతాయి, ఏడో పేజీకి చీమలవుతాయి, ఎనిమిదో పేజీలో ఎవరితోనో ఆడిన పుల్లా-సున్నా ఆట. అక్కణ్నుంచి వెనక అట్ట దాకా మంచు కురిసినంత తెలుపు. మిడ్ పరీక్ష దగ్గరకొచ్చినప్పుడల్లా 'ఈసారి మొదటినుంచీ పద్ధతిగా' అని మళ్లీ ఒకటో యూనిట్టే తీస్తాడు. అందుకని ప్రతి సబ్జెక్టులోనూ ఇతనికి ఒకటో యూనిట్ కంఠతా వచ్చు. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. అది ఏం చేస్తుందో మాత్రం రెండో యూనిట్‌లో ఉంటుంది.

ఎవరో చెబితే పొమోడోరో పద్ధతి కూడా మొదలుపెట్టాడు. ఇటలీవాడు ఫ్రాన్సిస్కో సిరిల్లో, 1980ల చివర్లో కాలేజీ కుర్రాడిగా ఉండగా, చదువు మీద మనసు నిలవక వంటింటి టమాటా ఆకారపు గడియారం ముందు పెట్టుకుని 25 నిమిషాలు చదవడం, 5 నిమిషాలు విరామం అని నియమం పెట్టుకున్నాడు. మావాడు దానికి ఫోనులో యాప్ వేసుకున్నాడు. అది నచ్చక ఇంకోటి, అదీ నచ్చక మూడోది. ఏ యాప్ టమాటా బాగుందో తేల్చేసరికి ఒకటో మిడ్ అయిపోయింది.

ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ కోర్సుల్లో చేరడం ఉచితం, పరీక్ష రాయడానికి మాత్రం ఫీజు. ఈ ఏర్పాటు ఇతని కోసమే చేసినట్టుంటుంది. 14 కోర్సుల్లో చేరాడు. మద్రాసు, ఖరగ్‌పూర్, కాన్పూర్ ఐఐటీల ప్రొఫెసర్లు ఇతనికి వారం వారం మెయిళ్లు పెడుతుంటారు, ఇతను చూడడు. అవి కాక 'వంద రోజుల కోడింగ్' అనే వ్రతం ఒకటి. ప్రపంచమంతా చూసేలా 'మొదటి రోజు' అని ప్రకటించాడు. రెండో రోజూ ప్రకటించాడు. పది రోజుల మౌనం తర్వాత మళ్లీ 'మొదటి రోజు'. నాకు తెలిసి నాలుగు మొదటి రోజులయ్యాయి.

లక్ష్యం అనేది ఇతని దగ్గర ఎండాకాలం చెరువు. సెమిస్టర్ మొదట్లో 9 పాయింటర్. ఒకటో మిడ్ అయ్యాక 'ఏడున్నర వస్తే చాలు సార్, ప్లేస్‌మెంట్లకు అదే అడుగుతరు'. రెండో మిడ్‌కి 'ఆల్ క్లియర్'. పరీక్ష ముందు రాత్రి 21. ప్రశ్నపత్రం చూశాక మోడరేషన్.

ఈ 21 ఏమిటో తెలియనివారికి చెప్పాలి. మా యూనివర్సిటీ ఆర్22 రెగ్యులేషన్ ప్రకారం రాతపరీక్షలో 60కి 21, ఇంటర్నల్స్‌లో 40కి 14 రావాలి. అయితే 21కి 14 కలిపితే 35, పాస్ కావాలంటే మొత్తం 40. ఆ మధ్యలో ఉన్న 5 మార్కుల అగాధం గురించి ఇతనికున్నంత స్పష్టత పరీక్షల విభాగంలో కూడా అందరికీ లేదు. ఫస్టియర్ మాథ్స్ ఇంకా మిగిలే ఉంది ఇతనికి. లెక్కలు అర్థం కావంటాడు. కానీ మొన్న వరండాలో నన్ను ఆపి నోటితోనే ఇలా లెక్క కట్టాడు:

"260 పీరియడ్లయినయ్ సార్. నేను 187 వచ్చిన. ఇగ రేపటి సంది లైనుగ 32 పీరియడ్లొస్తే సరిగ్గ 75 పర్సెంట్ పడ్తది. ఒక్కటి తప్పినా కండొనేషనే."

స్టాఫ్ రూముకి వెళ్లి కాగితం మీద వేసి చూశాను. 292కి 219. సరిగ్గా 75. దశాంశం కూడా మిగల్లేదు. 75కీ 65కీ మధ్య ఉంటే డాక్టరు కాగితం పెట్టి ఫీజు కట్టి బయటపడొచ్చు, 65 దిగితే డిటెయిన్. ఈ రెండు గీతల మధ్య ఇతను దొమ్మరివాడు తాడు మీద నడిచినట్టు రెండేళ్లుగా నడుస్తున్నాడు. ఫస్టియర్ మాథ్స్ పేపర్లో ఇదే సమీకరణం 'ఎక్స్' పెట్టి ఇస్తే మాత్రం ఛాయిస్‌లో వదిలేస్తాడు.

రికార్డు సంగతి చెప్పకపోతే ఇతని శ్రద్ధకు అన్యాయం చేసినవాణ్నవుతాను. ల్యాబ్ రికార్డు సీనియర్ దగ్గర తెచ్చి ఒక్క రాత్రిలో దించుతాడు. కామా పోదు, ఫుల్‌స్టాప్ పోదు. ఈసారి దిద్దుతుంటే నాలుగో ప్రయోగం కింద 'పట్టిక సరిగా గీయలేదు, మళ్లీ వేయి' అని కనిపించింది. నేనెప్పుడు రాశానబ్బా అనుకున్నాను. పోయినేడాది సీనియర్ రికార్డులో ఎర్రసిరాతో నేను రాసిన మాటే అది. మావాడు నీలం సిరాతో, గుండ్రటి అక్షరాలతో దించాడు. కింద నా పొట్టి సంతకం కూడా గీశాడు, నాకంటే బాగా.

అతన్ని పిలిచి కేకలేద్దామనుకున్నాను. టేబుల్ మీద నా కోర్సు ఫైలు కనిపించి ఊరుకున్నాను.

కోర్సు ఫైలంటే మా రికార్డు. బెంజమిన్ బ్లూమ్ అనే అమెరికా పండితుడు 1956లో నేర్చుకోవడానికి ఆరు మెట్లున్నాయన్నాడు. 2001లో ఇంకొందరు వాటిని సవరించి గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం, ప్రయోగించడం, విశ్లేషించడం, మదింపు చేయడం, సృష్టించడం అని వరసపెట్టారు. 2014లో మన ఇంజనీరింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే ఎన్‌బీఏ, దేశాల మధ్య ఆ గుర్తింపు చెల్లేందుకున్న వాషింగ్టన్ ఒప్పందంలో పూర్తి సభ్యత్వం పుచ్చుకుంది. అప్పట్నుంచి ప్రతి పాఠానికీ 'ఈ కోర్సు ముగిసేసరికి విద్యార్థి ఫలానాది విశ్లేషించగలుగును' అని ముందే రాసిపెట్టడం, చివర్లో విశ్లేషించగలిగాడా లేదా అని 3కి మార్కులేయడం మా ధర్మమైంది. నిజానికి మేము ఆ ఫైలు ఎన్‌బీఏ కమిటీ వస్తోందని తెలిసిన వారం కూర్చుని రాస్తాం. పోయినేడాది 2.4 వచ్చింది. ఈ ఏడూ 2.4 రావాలి కనుక ఎక్సెల్‌లో కింది నుంచి పైకి నింపుకుంటూ వస్తాం. నా ఫైలులో మొదటి పేజీకి మార్జిన్లుంటాయి. అక్షరాలు ముత్యాలు.

పట్టభద్రుడికి ఉండవలసిన లక్షణాలని నిన్నమొన్నటిదాకా 12 ఉండేవి. పన్నెండోది జీవితాంతం నేర్చుకుంటూ ఉండటం. ఆ లక్షణం ఫస్టియర్ మాథ్స్ విషయంలో మావాడికి పుష్కలంగా ఉంది.

ఇక పరీక్ష ముందు రోజు. కాలేజీ బస్టాపు వెనక జిరాక్స్ దుకాణం. వేలిముద్దర సైజుకు తగ్గించిన నోట్సు కట్టలు దండలు గుచ్చినట్టు వేలాడుతుంటాయి. ఆ దుకాణం అన్న పదో తరగతి దాకా చదివాడట, కానీ మా బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ఉండవలసిన మనిషి.

"అన్నా, ఓఎస్ సెట్ ఇయ్యి."

"ఆర్ 18 ఆ, 22 ఆ?"

"22."

"బ్యాంకర్స్ అల్గారిథమ్ పోయినసారి ఇచ్చిండ్రు, ఈసారి రాదు. పేజింగ్ సదువు. షెడ్యూలింగ్ ప్రాబ్లం పక్కా."

నేను ఆ రోజు టీ తాగడానికి వెళ్లి పక్కనే నిలబడి ఇదంతా విన్నాను. మర్నాడు పేపర్లో షెడ్యూలింగ్ లెక్క వచ్చింది, పేజింగ్ వచ్చింది. బ్యాంకర్స్ రాలేదు. నేను క్లాసులో నక్షత్రం పెట్టి చెప్పినవాటిలో సగమే వచ్చాయి.

పరీక్ష ముందు ఆ రాత్రి హాస్టల్లో మావాడు అసలు విశ్వరూపం చూపిస్తాడు. 120 రోజుల చదువు 9 గంటల్లో. మధ్యలో 11కి బాపు ఫోను. "సదువుతున్న బాపూ" అంటాడు, సెమిస్టర్‌లో మొదటిసారి నిజం చెబుతూ. ఎబ్బింగ్‌హాస్ అనే జర్మనీ శాస్త్రవేత్త అర్థంలేని అక్షరాలు బట్టీపట్టి, అవి ఎంతసేపట్లో మరుపుకొస్తాయో తన మీదే పరీక్షించుకుని 1885లో పుస్తకం వేశాడు. పాపం, ఏళ్లు పట్టింది ఆయనకు. మావాడు హాలు బయటికొచ్చి చెప్పులేసుకునేలోపు ఆ ప్రయోగం పూర్తి చేస్తాడు.

రాతపరీక్ష సరే. ల్యాబ్ వైవాలో మాత్రం ఎదురుగా మనుషులుంటారు. వేరే కాలేజీ నుంచి ఎక్స్‌టర్నల్‌గా పెద్దాయన వచ్చారు, మొహంలో నవ్వు లేని మనిషి. మావాడు ఇస్త్రీ చొక్కాతో, విభూతి బొట్టుతో వచ్చి కూర్చున్నాడు.

"డెడ్‌లాక్ అంటే ఏమిటి?"

మౌనం. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఇలాంటప్పుడు గురువులు చూడవలసింది అటే.

"బుక్కుల ఉన్నట్టు రాదు సార్. మామూలుగ చెప్పాల్నా?"

"చెప్పు."

"మా హాస్టల్ల మూడో ఫ్లోర్ల బాత్రూం ఒక్కటే నడుస్తది సార్. బకెట్ ఒక్కటే, మగ్గు ఒక్కటే. పొద్దుగాల నేను బకెట్ పట్టుకుంట, నా రూమ్మేటు మగ్గు పట్టుకుంటడు. నేను మగ్గు కోసం నిలవడ్త, వాడు బకెట్ కోసం నిలవడ్తడు. నేనియ్య, వాడియ్యడు. ఇద్దరి తానాలు గావు. ఫస్ట్ పీరియడ్ పోతది."

పెద్దాయన కళ్లద్దాలు తీశారు. "గుంజుకోవచ్చుగా?"

"ఎవ్వని చేతులది వాని దగ్గరికెంచి గుంజుకోవద్దని ఒప్పందం సార్. గుంజుకుంటే లొల్లి అయితది."

"మరెలా తెగింది?"

"రూల్ పెట్టుకున్నం సార్. ముందుగాల బకెట్ దొరికినోడే మగ్గు ముట్టాలె. బకెట్ లేనోడు మగ్గు జోలికే పోవద్దు. గప్పటిసంది లొల్లి లేదు."

ఒకరు వాడుతుంటే ఇంకొకరు వాడలేకపోవడం, ఒకటి పట్టుకుని రెండోదాని కోసం కాచుకోవడం, బలవంతంగా లాక్కోలేకపోవడం, ఒకరి కోసం ఒకరు చక్రంలా నిలబడిపోవడం. డెడ్‌లాక్‌కు పుస్తకాలు చెప్పే నాలుగు షరతులూ ఆ బాత్రూం ముందు నిలబడి ఉన్నాయి. వనరులకు వరస పెట్టి, ఆ వరసలోనే అడగాలంటే చక్రం తెగుతుందనేది పాఠ్యపుస్తకంలో ఉన్న పరిష్కారమే. అది నేను బోర్డు మీద బాణాలు గీసి రెండు పీరియడ్లు చెప్పాను. ఆ రెండు పీరియడ్లకూ ఇతను రాలేదు. రిజిస్టర్ చూశాను తర్వాత. బహుశా మగ్గు కోసం నిలబడి ఉంటాడు.

"బాగుంది. ఈ నాలుగు షరతుల పేర్లు చెప్పు" అన్నారు పెద్దాయన.

మావాడు మొహం నా వైపు తిప్పాడు. మళ్లీ ఆయన వైపు తిప్పాడు.

"పేర్లు నెక్స్ట్ సెమ్ పక్కా సార్."

పెద్దాయన నవ్వారు. ఎన్ని మార్కులేశారో చెప్పకూడదు.

ఆ సాయంత్రం సర్వే కాగితాల కట్ట ముందేసుకున్నాను. కమిటీకి లెక్క కావాలి. 60 మందిలో ఎక్కువమంది ఒకే వాక్యం రాశారు, ముందు బెంచీ అమ్మాయి రాసింది వెనక్కి ప్రయాణం చేసినట్టుంది. మావాడి కాగితం తీశాను. అన్ని గడుల్లోనూ 'అత్యుత్తమం' అని టిక్కులు. నేర్చుకున్నదేమిటి అన్నచోట, కోర్సు పేరు, నేను చెప్పినట్టే, అక్షరం పొల్లుపోకుండా. లక్ష్యాలన్నచోట 9 పాయింటర్, గేట్, పైథాన్, పొద్దున 5కి లేవడం. సలహాలన్నచోట, మూడో ఫ్లోర్ల ఇంకో బకెట్.

సెలవులయ్యాయి. జిరాక్స్ అన్న బోర్డు మీద కొత్త సెట్లు వేలాడుతున్నాయి. థర్డియర్ మొదటి క్లాసుకి వెళ్లాను. ఫ్యాను కింద అతనే, చేతిలో కొత్త లాంగ్ నోటుబుక్కు, వాసన నా దాకా వస్తోంది.

"సార్, ఈసారి మాకేం చెప్తరు సార్?"

"కంప్యూటర్ నెట్‌వర్క్స్."

నాలుక కొసన బయటపెట్టి, స్కేలు ఆనించి, మొదటి పేజీకి మార్జిన్ గీయడం మొదలుపెట్టాడు. నేను టేబుల్ మీద కొత్త కోర్సు ఫైలు తెరిచాను. తెల్లటి పేజీ. జేబులు తడుముకున్నాను.

"ఏమయ్యా, అయ్యాక ఆ స్కేలు ఇటివ్వు."