అప్పగింతలు సజావుగా జరగాలంటే: పెద్దమనుషులకు సూచనలు

చేతికొచ్చిన ప్రజాస్వామ్యాన్ని ఎలా వదిలించుకోవాలో తెలియక సతమతమవుతున్న పెద్దమనుషుల కోసం ఈ నాలుగు ముక్కలు. ముందే చెబుతున్నా, తుపాకుల జోలికి పోకండి. 1920 మార్చిలో కాప్ అనే ఆయన సైనికులను వెంటేసుకుని బెర్లిన్‌ను పట్టుకున్నాడు. కార్మికులు సార్వత్రిక సమ్మెకు దిగేసరికి వారం తిరక్కుండానే పరారయ్యాడు. 1923 నవంబరులో హిట్లర్ మ్యూనిక్‌లో ఒక బీరు హాల్లో చొరబడి, పైకప్పు మీదికి తుపాకీ పేల్చి, విప్లవం మొదలైందన్నాడు. మర్నాడు పోలీసులు కాల్పులు జరపగానే ఆ విప్లవం వీధిలోనే చెదిరిపోయింది. గుంజుకోవడం కష్టం. కాగితాలన్నీ సక్రమంగా రాసుకుని, సంతకాలు పెట్టి, మర్యాదగా అప్పగించడం సులువు. వైమార్ రాజ్యాంగం కింద జర్మనీ పెద్దలు పద్నాలుగేళ్లలో ఆ పని చేసి చూపించారు.

కోర్టులతో మొదలుపెట్టండి. చక్రవర్తిని సాగనంపినా ఆయన కాలం నాటి జడ్జీలను మాత్రం కదపకండి. ఎమిల్ గుంబెల్ అనే గణిత పండితుడు 1922లో ఒక లెక్క తీశాడు. అంతకుముందు నాలుగేళ్లలో జరిగిన రాజకీయ హత్యల్లో మితవాదులు చేసినవి 354, వామపక్షాల వాళ్లు చేసినవి 22. మరణశిక్షలన్నీ ఆ 22 వైపే పడ్డాయి. ఇలాంటి లెక్కలు బయటికొస్తే చేయవలసిన పని ఒకటే, లెక్క తీసినవాణ్ణి సాగనంపడం. గుంబెల్‌ను 1932లో హైడెల్బర్గ్ విశ్వవిద్యాలయం అలాగే పంపించేసింది. బీరు హాలు వీరుడి విషయంలోనూ కోర్టు ఇదే పెద్దమనసు చూపింది. రాజద్రోహానికి అయిదేళ్లు వేసి, 1924 డిసెంబరులోనే విడిచిపెట్టారు. ఆస్ట్రియావాడు కాబట్టి చట్టప్రకారం దేశం దాటించాలి. మనసంతా జర్మనీయే నిండినవాడికి ఆ సెక్షన్ వర్తించదని జడ్జీలు తేల్చేశారు. తర్వాత అతను అధ్యక్ష పదవికి పోటీ చేయాలంటే పౌరసత్వం అడ్డొచ్చింది. అదేం పెద్ద సమస్య? 1932 ఫిబ్రవరిలో బ్రౌన్‌ష్వైగ్ రాష్ట్రం అతనికి ఒక సర్కారీ ఉద్యోగం ఇచ్చేసింది, ఉద్యోగంతో పాటే పౌరసత్వమూ వచ్చేసింది.

సంకీర్ణం పడగొట్టడానికి కారణం ఎంత చిన్నదైతే అంత మంచిది. 1930 మార్చిలో హెర్మన్ ముల్లర్ ప్రభుత్వానికి సభలో మెజారిటీ ఉంది. నిరుద్యోగ బీమాకు జీతంలో మూడున్నర శాతం కోయాలా, నాలుగు శాతం కోయాలా అన్న దగ్గర భాగస్వాములకు పేచీ వచ్చింది. అర శాతం! ఎవరూ దిగిరాలేదు. ప్రభుత్వం పోయింది. సభలో మెజారిటీ ఉన్న ప్రభుత్వాన్ని జర్మన్లు హిట్లర్ వచ్చేలోపు మళ్లీ చూడలేదు. రెండేళ్లలో నిరుద్యోగుల సంఖ్య 60 లక్షలు దాటింది. మాట నెగ్గించుకున్నామన్న తృప్తి మాత్రం ఎవరిది వాళ్లకు మిగిలే ఉంటుంది.

ఇక అసలు కిటుకుకు వద్దాం. రాజ్యాంగంలో 48వ అధికరణం అని ఒకటుండేది. ఆపద సమయంలో అధ్యక్షుడు సభతో పనిలేకుండా ఆర్డినెన్సులు జారీ చేయవచ్చు. సభ కాదంటే ఆర్డినెన్సు రద్దవుతుంది, అదొక్కటే ఇబ్బంది. దానికి విరుగుడు 25వ అధికరణంలో ఉంది: సభనే రద్దు చేసేయొచ్చు. 1930 జులైలో ఛాన్సలర్ బ్రూనింగ్ బడ్జెట్ ఆర్డినెన్సును సభ కొట్టేసింది. వెంటనే సభ రద్దు, ఎన్నికలు. అప్పటిదాకా 12 సీట్లున్న నాజీలు సెప్టెంబరులో 107 సీట్లతో వచ్చి కూర్చున్నారు. బెదిరిపోకండి, ఆర్డినెన్సులు పెంచండి. 1932లో ఆ సభ, అంటే రైక్‌స్టాగ్, సమావేశమైంది 13 రోజులు, చేసిన చట్టాలు అయిదు. ఆర్డినెన్సులు 60కి తక్కువ లేవు. సభ లేకపోయినా రోజులు గడుస్తాయని జనానికి అలవాటు చేయడంలోనే మీ నేర్పంతా ఉంది. సంతకానికి మాత్రం ఒక వృద్ధ సేనాని కావాలి. అధ్యక్షుడు హిండెన్‌బర్గ్‌ను మించినవాడు దొరకడు. 80వ పుట్టినరోజుకు భూస్వాములు, పారిశ్రామికవేత్తలు చందాలేసుకుని నాయ్‌డెక్ ఎస్టేటు కొనిచ్చారు. రేపు వారసత్వపు పన్ను పడకుండా రిజిస్ట్రేషన్ కొడుకు పేరు మీద చేయించారు. అంత ముందుచూపున్న ఇల్లు.

వామపక్షాల వాళ్లు ఈ వ్యాసం చదువుతుంటే వాళ్లకూ ఒక మాట. మీ అసలు శత్రువు మీ పక్కింటివాడే. సోషల్ డెమోక్రాట్లను సోషల్ ఫాసిస్టులని తిడుతూ కమ్యూనిస్టులు కాలం గడిపారు. 1932 నవంబరులో బెర్లిన్ రవాణా సమ్మెలో నాజీల పక్కనే నిలబడ్డారు కూడా. అదే నెల ఎన్నికల్లో ఈ రెండు పార్టీలకు కలిపి 221 సీట్లు, నాజీలకు 196. కలపకండి.

గద్దె దిగమంటే దిగడం కూడా ఒక కళ. 1932 జులై 20న ఛాన్సలర్ పాపెన్ ఒక ఆర్డినెన్సుతో ప్రష్యా ప్రభుత్వాన్ని పీకేశాడు. జర్మనీలో అయిదింట మూడొంతుల రాష్ట్రం అది, పెద్ద పోలీసు బలగం దాని చేతుల్లోనే ఉంది. బలప్రయోగానికి తప్ప తలవంచనన్నాడు ప్రష్యా హోంమంత్రి సెవరింగ్. సాయంత్రం కొత్త పోలీసు కమిషనరు ఇద్దరు అధికారులతో వచ్చాడు. అంత బలానికి తలవంచక తప్పుతుందా? మిగిలింది కోర్టులో చూసుకుందామన్నారు. అక్టోబరులో తీర్పొచ్చింది, కొంత ఇటు, కొంత అటు.

ముహూర్తం విషయంలో పొరపాటు పడకండి. అవతలివాడు ఎదుగుతున్నప్పుడు కాదు, దిగజారుతున్నప్పుడు పిలిచి ఇవ్వాలి. 1932 నవంబరులో నాజీలకు 20 లక్షల ఓట్లు తగ్గాయి, 34 సీట్లు పోయాయి. పార్టీ ఖజానా ఖాళీ. డిసెంబరులో అగ్రనేత గ్రెగర్ స్ట్రాసర్ పదవులన్నీ వదిలేసి వెళ్లిపోయాడు. ఇదీ సరైన అదను. తన ఛాన్సలర్ కుర్చీ లాగేసుకున్న ష్లైషర్ మీద కడుపుమంటతో రగులుతున్న పాపెన్ జనవరి 4న కొలోన్‌లో ఒక బ్యాంకరు ఇంట్లో హిట్లర్‌తో కూర్చుని లోపాయికారీ ఒప్పందానికి దారి వేశాడు. జనవరి 30న ఛాన్సలర్‌గా హిట్లర్ ప్రమాణ స్వీకారం. మంత్రివర్గంలో హిట్లర్‌తో కలిపి నాజీలు ముగ్గురే, తక్కినవాళ్లంతా మనవాళ్లు. కొత్తవాణ్ణి మధ్యలో పెట్టుకుని గుప్పిట్లో ఉంచుకుంటామని పాపెన్ ధీమా. ముగ్గురిలో ఒకడైన గోరింగ్‌కు ప్రష్యా హోంశాఖ దక్కింది. జులైలో పాపెన్ అంత కష్టపడి గుంజుకున్న పోలీసులు ఇప్పుడు వాడి కిందికొచ్చారు. నెల తిరక్కముందే వాడు 50 వేల మందిని సహాయ పోలీసులుగా చేర్చుకున్నాడు, ఎక్కువమంది నాజీ దళాల వాళ్లే. ఎంత ముందుచూపున్నా ఇలాంటి చిన్నచిన్న వివరాలు ఒక్కోసారి దృష్టికి రావు.

ఫిబ్రవరి 27 రాత్రి రైక్‌స్టాగ్ భవనం తగలబడింది. మర్నాడే ఆర్డినెన్సు: వాక్ స్వాతంత్ర్యం, పత్రికలు, సభలు, ఇంటి గోప్యత, అన్నీ తదుపరి ఉత్తర్వుల దాకా నిలిపివేత. ఆ తదుపరి ఉత్తర్వులు పన్నెండేళ్ల దాకా రాలేదు. ఇంత భయంలోనూ మార్చి 5 ఎన్నికల్లో నాజీలకు పడింది 43.9 శాతమే. జనాన్ని నమ్ముకుంటే అంతే, సగం దగ్గర ఆగిపోతారు. మిగతా సగం మీరు పూడ్చాలి. మార్చి 23న క్రోల్ ఒపేరా భవనంలో, సభే చట్టాలు చేసే అధికారాన్ని ప్రభుత్వానికి రాసిచ్చే బిల్లు వచ్చింది. మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. 81 మంది కమ్యూనిస్టులను అసలు రానివ్వలేదు. చెప్పాపెట్టకుండా రానివాళ్లను కూడా హాజరైనట్టే రాసుకునేలా నిబంధన మార్చారు. సెంటర్ పార్టీ నాయకుడు కాస్, చర్చికి ఇచ్చిన హామీల మీద ఒక ఉత్తరం అడిగాడు. ఇదిగో వస్తోంది అన్నారు. రాలేదు. ఓటు మాత్రం వేశారు. 444 మంది సరేనన్నారు. ఒట్టో వెల్స్ వెనక నిలబడిన 94 మంది సోషల్ డెమోక్రాట్లు కాదన్నారు. సరేనన్నవాళ్లలో థియొడోర్ హాయిస్ కూడా ఉన్నాడు, యుద్ధం తర్వాత పశ్చిమ జర్మనీకి మొదటి అధ్యక్షుడయ్యాడు. కాబట్టి భవిష్యత్తు పాడవుతుందని వెనకాడకండి.

కార్మిక సంఘాల సంగతి తేలిక. మే 1న కొత్త ప్రభుత్వం సెలవిచ్చింది, సంఘాలు జెండాలు పట్టుకుని ఊరేగాయి. మే 2న వాటి కార్యాలయాలన్నీ స్వాధీనం చేసుకున్నారు.

అప్పగింతలయ్యాక మీ సంగతేమిటని అడగవచ్చు. ష్లైషర్‌ను 1934 జూన్ 30న భార్యతో సహా ఇంట్లోనే కాల్చేశారు. పాపెన్ పత్రికా వ్యవహారాలు చూసే బోజెను ఆఫీసులోనే కాల్చారు. పాపెన్‌ను మూడు రోజులు ఇంట్లో నిర్బంధించి వదిలారు. నెల తిరిగేసరికి ఆయన వియన్నాలో అదే ప్రభుత్వానికి దూతగా కుదురుకున్నాడు. 1946లో న్యూరెంబర్గ్ కోర్టు నిర్దోషిగా వదిలింది. మరో కోర్టు శిక్ష వేసినా 1949కల్లా బయటికొచ్చాడు. 1952లో ఆత్మకథ అచ్చేశాడు. మీరు కూడా ఇప్పటినుంచే డైరీ రాయడం మొదలుపెట్టండి.