మాట్లాడని పెద్దమనిషి

మా ఇంట్లో నోరు మెదపని వస్తువుల్లోకెల్లా ఖరీదైనది ప్రీయాంప్లిఫయర్. హోమ్ థియేటర్‌కంతటికీ అదే పెద్దట. కానీ స్పీకర్ వైరు తగిలిద్దామని వెనక్కి తిప్పి చూస్తే తగిలించే చోటే ఉండదు. పెట్టె విప్పగానే అత్తయ్యగారు కళ్లజోడు సవరించుకుని, దాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి, "ఏదీ, ఒకసారి పాడించరా" అన్నారు.

"ఇది పాడదమ్మా" అన్నారు మా ఆయన.

"పాడనిదానికా ఇంత పోశావు?"

నా ప్రశ్నా అదే, కాకపోతే నేను ముందే అడిగేసి ఉన్నాను. మా ఆయన నాకు చెప్పిన జవాబు ఇది. సినిమాలో కట్టలు కట్టి వచ్చిన శబ్దాన్ని ఇది విప్పుతుంది. ఏ ముక్క ఏ స్పీకర్‌కి వెళ్లాలి, ఎంత గట్టిగా వెళ్లాలి, ఎన్ని మిల్లీసెకన్లు ఆగి వెళ్లాలి అన్నది తేలుస్తుంది. ఆ తర్వాత దానికి బలమిచ్చి స్పీకర్‌ని కదిలించే పని మాత్రం పవర్ యాంప్లిఫయర్‌ది. అంటే పెళ్లిలో పట్టుకండువా వేసుకుని భోజనాల దగ్గర నిలబడే పెద్దమనిషన్నమాట. గరిటె పట్టడు, విస్తరి వెయ్యడు. ఎవర్ని ఏ బంతిలో కూర్చోబెట్టాలో మాత్రం ఆయనే చెప్పాలి. వడ్డించే వాళ్లని వేరే కొనుక్కోవాలి. కొన్నాం. ఏడు ఛానళ్ల యాంప్లిఫయర్ ఒకటి, నాలుగు ఛానళ్లది ఇంకొకటి.

దీనికి ముందు మాకో రిసీవర్ ఉండేది. పాపం, పెద్దరికమూ వడ్డనా రెండూ అదే చేసుకునేది. అది చేసిన నేరమల్లా 5.1 దగ్గర ఆగిపోవడం. చుట్టూ అయిదు స్పీకర్లు, 120 హెర్ట్జ్‌కి దిగువన గుభేలుమనే శబ్దాల కోసం ఒక సబ్ వూఫర్. 1992లో బ్యాట్‌మన్ రిటర్న్స్‌తో డాల్బీ డిజిటల్, మరుసటేడు జురాసిక్ పార్క్‌తో డీటీఎస్ థియేటర్లకి వచ్చినప్పుడు లోకం ఆ ఆరింటితోనే ఉలిక్కిపడింది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. 2012లో బ్రేవ్ అనే బొమ్మల సినిమాతో డాల్బీ అట్మాస్ వచ్చి శబ్దాన్ని నెత్తి మీదికి ఎక్కించింది. 2014లో అది థియేటర్ల నుంచి ఇళ్లలోకి దిగింది. ఇప్పుడు మాది 7.1.4. చుట్టూ ఏడు, సబ్ వూఫర్ ఒకటి, పైకప్పులో నాలుగు. ఆ చుక్కల తర్వాత అంకె పెరిగినప్పుడల్లా మా పాస్‌బుక్కులో చుక్కకి ముందున్న అంకెలు తగ్గాయి.

"సినిమాలో వాన పడితే పైనుంచి పడాలా వద్దా? పక్కనుంచి పడితే ఏం బాగుంటుంది?" అన్నారు మా ఆయన.

"పై ఫ్లాట్ వాళ్ల బాత్రూమ్ కారుతూనే ఉందిగా, అది వినరాదూ" అన్నారు అత్తయ్యగారు.

డాలస్‌లో ఉన్న మా మరిది, ఈ ప్రీయాంప్లిఫయర్ అక్కడ చవగ్గా దొరుకుతుంది, వచ్చేటప్పుడు తెస్తానన్నాడు. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. తెచ్చి మన ప్లగ్గులో పెడితే అది చేసే మొదటి శబ్దమూ ఆఖరి శబ్దమూ ఒకటే అవుతుందని మా ఆయన ఒద్దన్నారు. పైగా మా మరిది పెట్టెలో బరువంతా ఇక్కణ్నుంచి వెళ్లే ఆవకాయకీ అక్కణ్నుంచి వచ్చే చాక్లెట్లకీ ఎప్పుడో రాసిచ్చేసి ఉంటుంది.

గృహప్రవేశానికి మోజుపడి వేయించుకున్న ఫాల్స్ సీలింగ్‌కి నాలుగు కన్నాలు పడ్డాయి. కోసిన కుర్రాడు నిచ్చెన మీంచి, "మేడమ్, ఇంత పెద్ద లైట్లెందుకు?" అని అడిగాడు. లైట్లు కాదు బాబూ, వాన, అన్నాను. ఆ సాయంత్రం పెసరట్టు పిండి మీద కూడా జిప్సమ్ పొడి తేలింది. అంతా బిగించాక పైకి చూస్తే నాలుగు స్పీకర్లకీ నట్టనడుమ మా సీలింగ్ ఫ్యాన్ వేలాడుతోంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో కూర్చుని అట్మాస్‌ని తయారు చేసినవాళ్లు నిజాంపేటలో మే నెల చూసి ఉండరు. మాకు నెత్తి మీద హెలికాప్టర్ ముందునుంచీ ఉంది, రెగ్యులేటర్ మూడో నంబరు మీద.

అసలు కథ కొలతలతో మొదలైంది. ఈ పెద్దమనిషి పనిలో దిగేముందు గదిని ఒకసారి వినాలట. పెట్టెతోపాటు వచ్చిన చిన్న మైకుని స్టాండ్‌కి బిగించి, మనిషి చెవులుండే ఎత్తులో పెట్టాలి. ఒక్కో స్పీకరూ "ఊఁ...య్" మని పాతాళంలో మొదలుపెట్టి పిచ్చుక గొంతు దాకా ఎక్కుతుంది. అలా పదకొండు స్పీకర్లూ, సబ్ వూఫరూ. మైకుని ఇంకోచోటికి జరిపి మళ్లీ మొదలు. ఎనిమిది చోట్ల కొలవాలి. కొలుస్తున్నంతసేపూ ఇంట్లో చీమ చిటుక్కుమనకూడదు. ఏసీ కట్టెయ్యాలి, ఫ్యాన్ కట్టెయ్యాలి, ఫ్రిజ్ కూడా కట్టేస్తే మంచిదట.

హైదరాబాదు అపార్ట్‌మెంట్లో చీమ సంగతి దేవుడెరుగు. మొదటి స్పీకర్ నోరు తెరిచేసరికి పక్కింటి కుక్కరు కూసింది. రెండోదానికి చెత్త బండి పాట పెట్టుకుని వచ్చింది. మూడోదాని నడుమ ట్రాలీ ఆటో మైకులో ఉల్లిగడ్డల ధర చెప్పింది. నాలుగోసారి లిఫ్టు తలుపు వేయమని ఇంగ్లిషులో బతిమాలింది. ఎవరో తలుపు సరిగ్గా వెయ్యలేదు కాబోలు, అయిదూ ఆరూ ఏడూ స్పీకర్లకి కూడా అదే బతిమాలింది. పరదా లాగిన చీకటి హాల్లో, చెమట్లు కారుతూ, ఊపిరి బిగబట్టుకుని మా ఆయనా మా అమ్మాయీ నేనూ గోడకి అతుక్కుని నిలబడి ఉండగా, అత్తయ్యగారు దివాన్ మీంచి, "ఎవరన్నా పోయారా, అందరూ అలా ఉన్నారేం?" అన్నారు. టీవీ తెర మీద ఎర్రక్షరాలు: శబ్దం ఎక్కువగా ఉంది, మళ్లీ ప్రయత్నించండి.

చివరికి రాత్రి రెండింటికి కొలిచారు. వీధంతా నిశ్శబ్దం. కుక్కలు కూడా సహకరించాయి. సబ్ వూఫర్ వంతు వచ్చింది, తర్వాత కాలింగ్ బెల్ వంతు వచ్చింది. కింది ఫ్లాట్ మాస్టారు. జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. లుంగీ మీద తువ్వాలు కప్పుకుని గుమ్మంలో నిలబడ్డారు.

"మా బీరువాలో స్టీలు గ్లాసులు వాటంతటవే మోగుతున్నాయి బాబూ."

మా ఆయన క్షమాపణలు చెప్పబోయారు. మాస్టారు వినలేదు. "ఎన్ని హెర్ట్జ్ దగ్గర?" అన్నారు.

"ముప్ఫై దగ్గర గట్టిగా ఉంటుందండీ."

మాస్టారు కళ్లు మూసుకున్నారు. "గాలిలో ధ్వని సెకనుకి 343 మీటర్లు. ముప్ఫైతో భాగిస్తే పదకొండు మీటర్ల పైచిలుకు. అంటే ఒక్కో అల పొడుగు 37 అడుగులు. మీ హాలెంత?"

"పదహారు."

"మరి మిగతా ఇరవై ఒక్క అడుగులూ మా ఇంట్లో ఉన్నట్టే కదా. అద్దె ఇప్పించండి."

అని వెళ్లిపోయారా అంటే లేదు. లోపలికొచ్చి కూర్చున్నారు. మెయింటెనెన్స్ రసీదు వెనక బొమ్మ గీశారు. పదహారడుగుల గదిలో ఈ గోడకీ ఆ గోడకీ మధ్య 35 హెర్ట్జ్ దగ్గర స్థిర తరంగం ఏర్పడుతుంది, గోడల దగ్గర ఒత్తిడి నిండుగా ఉంటుంది, సరిగ్గా మధ్యలో సున్నా, ఇది ఇంటర్మీడియట్ సిలబస్సే, అన్నారు. ఆ సరిగ్గా మధ్యలోనే మా ఆయన కుర్చీ ఉంది. వెనక స్పీకర్లకి ఎడం కావాలని అంగుళాలు కొలిచి మరీ వేసుకున్న కుర్చీ. దాని మీద ఇంకెవరూ కూర్చోరు, ఆయన లేనప్పుడు ఉతికిన బట్టలు తప్ప.

"సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంది కదండీ" అన్నారు ఈయన, గొంతు తగ్గించి.

"ఎక్కువున్నచోట తగ్గిస్తుంది బాబూ. లేనిచోట ఎక్కణ్నుంచి తెస్తుంది? పెంచినకొద్దీ మీ సబ్ వూఫర్ ఆయాసపడుతుంది, అంతే." రసీదు వెనక బాణం గుర్తు వేసి చూపించారు. "వెనక గోడ దగ్గరుంది మంచి చోటు."

వెనక గోడ దగ్గర ఉన్నది అత్తయ్యగారి దివాన్. చెవి మిషను తీసి దిండు కింద పెట్టుకుని ఆవిడ అప్పటికే గుర్రుపెడుతున్నారు. అంత శబ్దంలో ఆవిడకి మెలకువ రాలేదు. పొద్దున లేచి మాత్రం, "రాత్రి మంచం మర్దనా చేసినట్టుందిరా, నడుంనొప్పి తగ్గింది" అన్నారు.

అప్పట్నుంచి మా ఇంటికెవరొచ్చినా కాఫీ కంటే ముందు డెమో. మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్ మొదటి మూడు నిమిషాలు, ఇంకేదో సినిమాలో వాన కురిసే ముక్క, మరో దాంట్లో విమానం కూలే ముక్క. ఏ సినిమా చివర ఏమవుతుందో మా ఇంట్లో ఎవరికీ తెలీదు. ఎవరు ఎందుకు కూలారో కూడా తెలీదు. విమానం కుడి వెనక మూల నుంచి కూలడం మొదలవుతుందని మాత్రం తెలుసు. పెళ్లిశుభలేఖ ఇవ్వడానికొచ్చిన మా పిన్నిగారి దంపతులు ఆ వానలో కూర్చుని, కార్డు మీద పేరు రాయకుండానే ఇచ్చి వెళ్లిపోయారు. మ్యాడ్ మ్యాక్స్ మొదట్లో హీరోని ఏవో గొంతులు చుట్టుముట్టి గుసగుసలాడతాయి. గది నాలుగు మూలల నుంచీ ఆ గుసగుసలు వినపడేసరికి అత్తయ్యగారు చెవి మిషను పెట్టుకుని మరీ విని, మర్నాడు గుమ్మానికి గుమ్మడికాయ కట్టించారు.

వాల్యూమ్‌ది ఇంకో విడ్డూరం. సున్నా అంటే సినిమా హాల్లో ఉండే మోత, గట్టి శబ్దాలు ఒక్కో స్పీకర్‌కి 105 డెసిబెల్స్ దాకా పోతాయి. కాబట్టి ఇళ్లలో ఎప్పుడూ మైనస్‌లోనే. మైనస్ ముప్ఫై అని తెర మీద చూసినప్పుడల్లా నాకు మా మ్యూచువల్ ఫండ్ గుర్తొస్తుంది.

పెదాలకీ మాటకీ పొంతన కుదరాలని ఒక సాయంత్రమంతా మా ఆయన అత్తయ్యగారి సీరియల్ ముందు కూర్చుని ఆలస్యం సరిచేశారు. నలభై మిల్లీసెకన్లు. ఊహూఁ. ఎనభై. ఊహూఁ. నూట ఇరవై పెడితే అత్తగారి పాత్ర నోరు మూశాక కోడల్ని తిట్టడం మొదలుపెట్టింది. ట్యూషన్ నుంచి వచ్చిన మా అమ్మాయి బ్యాగు దించుతూ, "నాన్నా, అది హిందీ సీరియల్. డబ్బింగ్" అంది. ఆయన రిమోట్ బల్ల మీద పెట్టేసి మంచినీళ్లు తాగారు.

ఇంత ఖర్చులో నాకు దక్కిన లాభం ఒకటుంది. ఆ పవర్ యాంప్లిఫయర్లు ఊరికే ఆన్‌లో ఉన్నా గోరువెచ్చగా ఉంటాయి. డిసెంబరులో పాలు తోడుకోక ఛస్తుంటే, అత్తయ్యగారు ఓ రాత్రి గిన్నె తెచ్చి, మూత పెట్టి, కింద పీట వేసి ఏడు ఛానళ్ల దాని పక్కన చేర్చారు. తెల్లారేసరికి చెంచా నిలబడేంత గట్టి పెరుగు. చూసిన మా ఆయన ముఖం పాలిపోయింది. గాలి ఆడే చోటని, తడి తగిలితే మాడిపోతుందని అరిచారు. "నాలుగు ఛానళ్ల దాని పక్కన పెడితే పుల్లబడుతోందిరా, నేను చూశాను" అన్నారావిడ.

మొన్న ఆదివారం అత్తయ్యగారు మాయాబజార్ పెట్టమన్నారు. 2010లో రంగులద్ది, డీటీఎస్ చేర్చి విడుదల చేసింది ఉందమ్మా అని ఈయన ఆశగా అన్నారు. రంగేసిన ఘటోత్కచుడు నాకొద్దు, నేను చూసిందే పెట్టు, అన్నారావిడ. 1957 నాటి సినిమా. శబ్దమంతా ఒకటే దారి, మోనో. రెండు ఛానళ్లలోనూ ఒకే శబ్దం కనపడితే మన పెద్దమనిషి దాన్ని తీసుకెళ్లి టీవీ కింద ఉన్న సెంటర్ స్పీకర్‌కి అప్పజెప్పేస్తాడు. న్యాయమే మరి. దాంతో మిగతా పది స్పీకర్లూ చేతులు కట్టుకుని చూస్తున్నాయి. ఘటోత్కచుడి నోట్లోకి పళ్లెంలోంచి లడ్డూలు వాటంతటవే ఎగిరొచ్చి పడుతుంటే శబ్దం మాత్రం ఆ ఒక్క డబ్బాలోంచే వస్తోంది.

"మిగతావి పాడైపోయాయిరా" అన్నారు అత్తయ్యగారు.

"పాడవలేదమ్మా. వాటికి పనిలేదు."

"పనిలేని వాటిని పది కొన్నావా?"

రిమోట్‌లో ఆల్ ఛానల్ స్టీరియో అని ఒక మోడ్ ఉంది. ఏ విచక్షణా లేకుండా ఉన్న శబ్దాన్ని అన్ని స్పీకర్లలోనూ పోసేస్తుంది. ఈ విద్య తెలిసినవాళ్లు దాని జోలికి పోరు. మా ఆయనైతే ఆ మాట ఎత్తితేనే మొహం చిట్లిస్తారు. నేను వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి అదే నొక్కాను.

చుట్టూ ఏడింటిలోంచీ, నెత్తిన నాలుగింటిలోంచీ ఒక్కసారిగా ఘటోత్కచుడు నవ్వాడు. అత్తయ్యగారు దివాన్ మీద నిటారుగా కూర్చుని, "ఇదిగో, ఇప్పుడు డబ్బులకి న్యాయం జరిగింది" అన్నారు. మా ఆయన మాట్లాడకుండా లేచి, దివాన్ పక్కన గోడకి ఆనుకుని కింద కూర్చున్నారు. ఫోన్ మోగింది. కింది మాస్టారు.

"అమ్మా, నవ్వు మా ఇంట్లోకి వినపడింది. లడ్డూలు అయిపోయాయా?"

"లేదు మాస్టారూ, ఇప్పుడే మొదలైంది."

"అయితే ఆపండి, వస్తున్నా. గోడ పక్క చోటు ఎవరికీ ఇవ్వకండి."