నెట్ రాకపోతే ముందు రూటర్ ఆపకండి

వైఫై గీతలు నిండుగా ఉంటాయి. పేజీ మాత్రం తెరుచుకోదు. అలాంటప్పుడు ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "రూటర్ ఓసారి ఆపి వెయ్యి." కేబుల్ ఆఫీసుకు ఫోన్ చేసినా అదే చెబుతారు. నేను చెప్పేది దానికి సరిగ్గా ఎదురు. ఆపకండి. రీసెట్ చేయకండి. కొత్తది కొనకండి. ఫార్మాట్ అసలే చేయించకండి. ఇది తలకిందుల సలహాలా ఉంటుందని నాకూ తెలుసు. అయినా ఏళ్ల తరబడి చుట్టాల ఇళ్లలో, మా వీధిలో ఈ జబ్బునే చూస్తున్నవాణ్ణి కాబట్టి పట్టుబట్టి చెబుతున్నాను. లోపం ఎక్కడుందో తెలిసేదాకా దేన్నీ కదపకూడదు.

ఈ పట్టుదల మా పిన్ని కంప్యూటర్ వల్ల వచ్చింది. విండోస్ 7 ఉన్న పాత డెస్క్‌టాప్ అది, బాబాయి కొన్నది. బాబాయి పోయిన మరుసటి ఏడు ఒకరోజు నెట్ ఆగిపోయింది. నన్ను శ్రమపెట్టడం ఎందుకని పిన్ని దాన్ని ఊళ్లో ఒక షాపుకు పంపింది. వాళ్లు చూసి వైరస్ అన్నారు, ఫార్మాట్ కొట్టారు. డెస్క్‌టాప్ మీదున్న ఫోల్డర్‌లో బాబాయి చివరి మూడేళ్ల ఫొటోలున్నాయి. షాపులో నెట్ చక్కగా వచ్చిందట. ఇంటికి తెచ్చి బిగిస్తే మళ్లీ రాలేదు. అప్పుడు నాకు ఫోన్ చేసింది. "ఒరే అబ్బాయ్, ఫొటోలూ పోయాయి, నెట్టూ రావట్లేదురా" అంది. ఆ గొంతు ఇప్పటికీ చెవుల్లో ఉంది. దాని అసలు లోపం ఏమిటో చివర్లో చెబుతాను. ఎందుకంటే అక్కడికి చేరే దారే మీకు కావలసింది.

ఆపి వేస్తే చాలాసార్లు నెట్ వస్తుంది, కాదనను. కానీ వచ్చినప్పుడు ఎందుకు వచ్చిందో తెలియదు, రేపు రాత్రి మళ్లీ పోయినప్పుడు ఎందుకు పోయిందో కూడా తెలియదు. ఇంట్లో వాడే రూటర్లలో చాలావాటికి జరిగినదంతా రాసుకునే లాగ్ తాత్కాలిక మెమరీలోనే ఉంటుంది. ప్లగ్ పీకగానే ఆ సాక్ష్యం తుడిచిపెట్టుకుపోతుంది. యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో రూటరే లాగిన్ అయ్యే కనెక్షన్లలో ఇంకో చిక్కుంది. అర్ధంతరంగా కరెంటు తీసేస్తే పాత లాగిన్ అవతలి సర్వర్లో అలాగే నిలబడిపోయి, కొత్త లాగిన్‌ను కాసేపు రానివ్వకపోవచ్చు. అందుకే ముందు ఐదు నిమిషాలు చూడండి, రాసుకోండి. ఆ తర్వాత కావలిస్తే ఆపుకోండి.

ఇక రూటర్ వెనక సన్నటి బెజ్జం ఉంటుందే, దాంట్లో పిన్ను పెట్టి నొక్కడం ఆపి వేయడం లాంటిది కాదు. ఆ లాగిన్ వివరాలు, ఆపరేటర్ కూర్చోబెట్టిన సెట్టింగులు అన్నీ పోతాయి. నెట్ లేని ఇల్లు కాస్తా మనిషి వచ్చేదాకా ఏమీ చేయలేని ఇల్లవుతుంది. పిల్లల చేతికి ఆ పిన్ను ఇవ్వకండి.

అబద్ధపు సాక్షులు రెండున్నాయి. "ఫోన్లో వస్తోంది, కంప్యూటర్‌కే రావట్లేదు" అనే మాట నేను విన్నన్నిసార్లు ఇంకేదీ వినలేదు. వైఫైలో ఇంటర్నెట్ లేదని గమనిస్తే చాలా ఫోన్లు చప్పుడు చేయకుండా మొబైల్ డేటాకు మారిపోతాయి. వైఫై గుర్తు చాలాసార్లు పైన అలాగే ఉంటుంది, వీడియో కూడా ఆడుతుంది. ఇంకేముంది, కంప్యూటరే పాడైందని తీర్మానించి దాన్ని సంచిలో వేసుకుని షాపుకు బయల్దేరతారు. ఫోన్లో మొబైల్ డేటా ఆపేసి అప్పుడు చూడండి. ఫోన్లోనూ రాకపోతే మీ కంప్యూటర్ తప్పేమీ లేదు. ఈ ఒక్క పని చేస్తే సగం ఇళ్లలో కంప్యూటర్ బల్ల మీంచి కదలదు.

రెండో సాక్షి తెర మూలనున్న గుర్తు. విండోస్ 10, 11లలో కంప్యూటర్ నెట్‌వర్క్‌కు కలిసినప్పుడల్లా మైక్రోసాఫ్ట్‌కు చెందిన ఒక బుల్లి పేజీని తనంతట తానే తెరిచి చూస్తుంది. అందులో ఉండేవి 'మైక్రోసాఫ్ట్ కనెక్ట్ టెస్ట్' అనే మూడు మాటలే. అవి వస్తే ఇంటర్నెట్ ఉన్నట్టు, రాకపోతే 'నో ఇంటర్నెట్' అని రాస్తుంది. విండోస్ 7 కూడా ఇలాంటి మరో పేజీనే చూసేది. ఆ ఒక్క పేజీకి దారి మూసుకుపోయినా గుర్తు లేదంటుంది, మిగతా లోకమంతా తెరుచుకుంటున్నా సరే. ఆ పేజీ ఒక్కటే తెరుచుకున్నా ఉందంటుంది, మీ బ్యాంకు తెరుచుకోకపోయినా సరే. గుర్తును చూసి నిర్ణయానికి రాకండి.

నమ్మదగిన సాక్షి నల్ల కిటికీ. స్టార్ట్‌లో సీఎండీ అని ఇంగ్లిషులో కొడితే వస్తుంది. అందులో ఐపీకాన్ఫిగ్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. చాలా వరసలు వస్తాయి, మీకు కావలసినవి రెండే: ఐపీవీ4 అడ్రస్, డిఫాల్ట్ గేట్‌వే. మొదటిది మీ కంప్యూటర్ డోర్ నంబరు. రెండోది మీ ఇంటి గుమ్మం, అంటే రూటర్. డోర్ నంబరు 169.254తో మొదలైతే అక్కడే ఆగండి. రూటర్ నంబరు ఇవ్వలేదు కాబట్టి కంప్యూటర్ తనకు తానే ఒకటి పెట్టుకుందని దానర్థం. వైఫై కలిసినట్టే కనిపిస్తుంది, గుమ్మం మాత్రం ఉండదు. ఇలాంటప్పుడు సైట్లు మార్చి మార్చి చూడటం వృథా.

నంబరు చక్కగా 192.168తోనే ఉండి నెట్ రాని ఇల్లు ఒకటి చూశాను. మా వీధిలో ఒకాయన కొత్త రూటర్ వచ్చాక పాతదాన్ని పారేయలేక, మేడమీద గదికి సిగ్నల్ అందుతుందని దాన్ని కూడా తీగతో కలిపారు. కింద కంప్యూటర్‌కు ఒకరోజు నెట్ వస్తుంది, ఒకరోజు రాదు. గేట్‌వే నంబరు రాసుకోమన్నాను. వచ్చిన రోజు 192.168.1.1, రాని రోజు 192.168.0.1. రెండు రూటర్లూ డోర్ నంబర్లు పంచుతున్నాయి. ఎవరు ముందు ఇస్తే కంప్యూటర్ వాళ్లదే తీసుకుంటుంది. పాతదానికి బయటి ప్రపంచంతో సంబంధమే లేదు. ఆ పాత రూటర్లో నంబర్లు పంచే డీహెచ్‌సీపీ అనే ఒక్క టిక్కు తీసేశాం, తీరిపోయింది. అంతకుముందు ఆయన ఆపి వేసిన ప్రతిసారీ ఏ రూటర్ ముందు లేస్తుందో అదే గెలిచేది. అందుకే ఒకోసారి బాగయినట్టు కనిపించేది.

ఆఫీసు ల్యాప్‌టాప్ ఇంటికి తెచ్చుకునేవాళ్లకు ఇంకో సంగతి. అక్కడ నంబరు స్థిరంగా పెట్టి ఉంటే అది ఇంట్లోనూ అదే పట్టుకు కూర్చుంటుంది. వైఫై కలుస్తుంది, నెట్ రాదు. 'ఆటోమేటిక్‌గా తీసుకో' అన్నదానికి మార్చండి, పాత నంబరు కాగితం మీద రాసుకున్నాకే.

డోర్ నంబరు సరిగ్గా ఉంటే మూడు గుమ్మాలు తట్టాలి. తట్టే పనిముట్టు పేరు పింగ్. 1983 డిసెంబర్‌లో అమెరికా సైన్యపు పరిశోధనశాలలో పనిచేసే మైక్ మ్యూస్ తన నెట్‌వర్క్‌లో ఒక ఇబ్బందిని పట్టుకోవడానికి రాసుకున్న చిన్న ప్రోగ్రాం అది. సబ్‌మెరైన్ల సోనార్ చేసే చప్పుడు పేరే దానికి పెట్టాడు. చప్పుడు పంపి, తిరిగొస్తుందా అని వినడమే దాని పని. మొదట పింగ్ పక్కన మీ గేట్‌వే నంబరు. తర్వాత పింగ్ 8.8.8.8. చివరికి పింగ్ గూగుల్.కామ్. ఈ వరస మార్చకండి. ఏది పలికింది, ఏది పలకలేదు, కాగితం మీద పెట్టండి.

మొదటిదే పలకకపోతే లోపం ఇంట్లో ఉంది. వైఫై ఆపి తీగతో కలిపి చూడండి. తీగ చివరి ప్లాస్టిక్ క్లిప్ విరిగితే అది సాకెట్‌లో ఉన్నట్టే ఉండి వదులుగా ఉంటుంది. బల్ల జరిపిన మర్నాడు వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇదే.

మొదటిది పలికి రెండోది పలకకపోతే లోపం రూటర్‌కు అవతల. ఫైబర్ పెట్టె మీద ఎల్‌ఓఎస్ అనే ఎర్రదీపం వెలిగితే వెలుతురే రావట్లేదు. బీరువా వెనక తీగ మడత పడిందేమో చూడండి. గాజు తీగ కాబట్టి గట్టిగా వంగితే వెలుగు దారి తప్పుతుంది. కానీ తీగ పీకి కంటి దగ్గర పెట్టుకోకండి. ఇళ్లకొచ్చే ఫైబర్లో చాలావరకు 1490 నానోమీటర్ల లేజర్ ఉంటుంది. అది కంటికి కనపడదు, కనపడనంత మాత్రాన లేనట్టు కాదు. ఎర్రదీపం లేకపోతే ప్లాన్ గడువు చూసుకోండి. కరెంటు పోయిన రోజుల్లో అయితే మీ ఇన్వర్టర్ మీ రూటర్‌ను మాత్రమే బతికిస్తుంది, వీధి చివర ఆపరేటర్ పెట్టెను కాదు. కొత్త రూటర్ కొంటే బాగవుతుందని ఇక్కడ చాలామంది డబ్బు తగలేస్తారు. కొందరు ఆపరేటర్లు మీ పాత పరికరం గుర్తింపు సంఖ్యకే కనెక్షన్ కట్టేసి ఉంచుతారు. కొత్తది పెట్టగానే ఉన్న నెట్టు కూడా పోతుంది. వాళ్లకు ఫోన్ చేసి కొత్త సంఖ్య ఎక్కించుకోమనాలి.

రెండోది పలికి మూడోది పలకకపోతే, దారి ఉంది, పేరు తెలియట్లేదు. పేరు చెబితే నంబరు వెతికిచ్చే ఏర్పాటును డీఎన్‌ఎస్ అంటారు. పింగ్ పుట్టిన 1983లోనే పాల్ మొకపెట్రిస్ దాన్ని రూపొందించాడు. ఈ ఒక్క సందర్భంలోనే డీఎన్‌ఎస్ మార్చండి. 2009 డిసెంబర్‌లో గూగుల్ తెరిచిన 8.8.8.8 గానీ, 2018 ఏప్రిల్‌లో క్లౌడ్‌ఫ్లేర్ తెరిచిన 1.1.1.1 గానీ పెట్టుకోవచ్చు. ప్రతి జబ్బుకూ ఇదే మందని చెప్పేవాళ్లను వినకండి. మొదటి గుమ్మం దగ్గరే లోపం ఉంటే వెయ్యిసార్లు మార్చినా లాభం లేదు.

మూడూ పలుకుతాయి, అయినా పేజీ తెరుచుకోదు. ఇదే అందరూ ఫార్మాట్ అనే చోటు. ఇక్కడే చేయకూడదు. మూడూ పలికాయంటే తీగ, రూటర్, లైను, పేర్లు అన్నీ బాగున్నాయి. మిగిలింది బ్రౌజర్‌కూ సైటుకూ మధ్య అడ్డు నిలిచినది ఏదో. తెర మీద ఇంగ్లిషులో ఒక వరస ఉంటుంది. దాన్ని ఫొటో తీయండి. అందులో ప్రాక్సీ అని కనిపిస్తే, ఏదో ప్రోగ్రాం పెట్టిన ప్రాక్సీ టిక్కు అది పోయాక కూడా మిగిలిపోయి ఉంటుంది. సెట్టింగుల్లో ఆ టిక్కు తీసేస్తే చాలు. సర్ట్, డేట్ అని కనిపిస్తే గడియారం చూడండి.

పిన్ని ఇంటికి వెళ్లి నేను చూసింది ఇదే. గుర్తు ఇంటర్నెట్ ఉందంటోంది. మూడు పింగులూ పలికాయి. పేజీ మాత్రం గడియారం వెనకబడి ఉందని ఇంగ్లిషులో చెబుతోంది. అది మొదటి రోజు నుంచీ అక్కడే ఉంది, ఎవరూ చదవలేదు. తెర మూలన తారీఖు చూస్తే 2009 జనవరి 1. సైట్లకు ఉండే భద్రతా పత్రాలకు ఈ తారీఖు నుంచి ఆ తారీఖు వరకు అని గడువుంటుంది. 2009లో ఉన్న కంప్యూటర్‌కు అవన్నీ ఇంకా పుట్టని పత్రాలు, అందుకే తలుపు తీయనంటుంది. విండోస్ చూసుకునే ఆ బుల్లి పేజీకి మాత్రం అలాంటి పత్రం అక్కర్లేదు, కాబట్టి గుర్తుకు అంతా బాగానే కనిపించింది.

పెట్టె పక్క రేకు విప్పాను. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ, సీఆర్2032 అని చెక్కి ఉంది. మూడు వోల్టులు ఉండాల్సినది మీటర్ పెడితే ఒకటిన్నర కూడా లేదు. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. పిన్ని పొదుపు మనిషి, రోజూ రాత్రి గోడ స్విచ్ తీసేసి పడుకుంటుంది. ప్రతి రాత్రీ గడియారం చచ్చిపోయి, ప్రతి ఉదయం 2009లో లేస్తోంది. షాపులో తారీఖు పెట్టారు కాబట్టి అక్కడ నెట్ వచ్చింది. తీగ పీకి ఆటోలో ఇంటికి తెచ్చేసరికి మళ్లీ మొదటికి. అంటే ఆపి వేయడమే ఆ కంప్యూటర్‌కు రోజూ జబ్బు తెచ్చిపెట్టింది. గోటితో పక్కనున్న చిన్న కొక్కెం నొక్కితే బిళ్ళ పైకి లేచింది. వీధి చివర వాచీల కొట్లో కొత్తది తెచ్చి, రాత ఉన్న వైపు పైకి వచ్చేలా కూర్చోబెట్టి, తారీఖు సరిచేశాం. పది నిమిషాల్లో నెట్ వచ్చింది. పిన్ని తెర వైపు చూసి, "ఇంతేనా?" అని ఊరుకుంది.

ఆ రోజు నుంచి ఎవరింటికి వెళ్లినా రూటర్ ముట్టుకోకముందే, నల్ల కిటికీ తెరవకముందే ఒక పని చేస్తున్నాను. పెన్‌డ్రైవ్ గుచ్చి డెస్క్‌టాప్ మీది ఫోల్డర్లన్నీ అందులోకి ఎక్కిస్తాను. అందుకు నెట్ అక్కర్లేదు.